చేతిలో పట్టే వీధి రేసులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పాత ఆటల గురించి రాసినప్పుడల్లా ఉత్తరాలు కాస్త ఎక్కువే వస్తాయి. ఈసారి వచ్చినవి చాలావరకు అటక మీది పీఎస్‌పీనో (సోనీ వారి చేతిలో పట్టే ఆటల మెషీన్), గేమ్ బాయ్‌నో కిందికి దించి, దుమ్ము దులిపి, రేసుల ఆటలు మళ్లీ మొదలుపెట్టినవాళ్లవి. అందుకని మిగతావాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేశాను. ఫుట్‌బాల్ ఆటల అభిమానులు తిట్టుకోవద్దు.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో కంప్యూటర్ మీద 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' పిచ్చిగా ఆడాను. ఈ మధ్య వాడేసిన పీఎస్‌పీ ఒకటి కొని, దానికోసం 'మోస్ట్ వాంటెడ్ 5-1-0' డిస్కు తెప్పించుకున్నాను. ఇందులో ఊరంతా తిరగడం లేదు. మెనూలో రేసు ఎంచుకోవడం, ఆడటం, మళ్లీ మెనూకి రావడం. నటులతో తీసిన ఆ కథ సీన్లు కూడా లేవు. నాకెవరో నకిలీ డిస్కు అంటగట్టారా?

జవాబు: లేదండీ, అసలు డిస్కే. 2005లో పీఎస్‌పీకి వచ్చిన ఆట అలాగే ఉంటుంది. మీలాగే అప్పట్లో కొన్నవాళ్లూ తిట్టుకున్నారు. పెట్టె మీద అదే పేరు, అదే బీఎండబ్ల్యూ. లోపల చూస్తే ఇంకో ఆట.

ఎందుకలా చేశారో చెబితే మీ కోపం కొంచెం తగ్గుతుంది. మెషీన్‌లో మెమరీ తక్కువై అనుకుంటారు చాలామంది. అది కాదు. పీఎస్‌పీ మొదటి మోడల్‌లో 32 మెగాబైట్ల మెమరీ ఉంది, టీవీకి తగిలించే పెద్ద మెషీన్ పీఎస్2లో ప్రధాన మెమరీ కూడా 32 మెగాబైట్లే. అసలు ఇబ్బంది డిస్కు దగ్గర. ఊరంతా ఆపకుండా తిరగాలంటే, మీరు మలుపు తిరిగేలోపే తర్వాతి వీధి డిస్కులోంచి మెమరీలోకి వచ్చి పడాలి. పీఎస్2 తన డీవీడీ నుంచి సెకనుకు 5 మెగాబైట్లకు పైగా చదవగలదు. పీఎస్‌పీలో ఆ చిన్న యూఎండీ డిస్కు ఎంత గింజుకున్నా సెకనుకు 1.4 మెగాబైట్లు దాటదు. పైగా డిస్కు తిరిగినంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. దీనికి తోడు బ్యాటరీ కోసమని, 333 మెగాహెర్ట్జ్ పనిచేయగల ప్రాసెసర్‌ని ఆటలకు 222 దగ్గరే కట్టేశారు. ఆ కట్టు విప్పింది 2007లో. ఇన్ని చిక్కుల మధ్య 5-1-0 తయారుచేసినవాళ్లు ఊరిని వదిలేసి, రేసుల్ని ఉంచుకున్నారు.

అదే ఏడాది ఇంకొకరు దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టారు. 'మిడ్‌నైట్ క్లబ్ 3: డబ్ ఎడిషన్'ని పీఎస్‌పీకి మార్చే పని రాక్‌స్టార్ లీడ్స్ అనే సంస్థ చేతికి వచ్చింది. వాళ్లు శాన్ డియాగో, అట్లాంటా, డెట్రాయిట్, మూడు ఊళ్లనూ పూర్తిగా తెచ్చి పెట్టారు. ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు. దానికి కట్టిన మూల్యం లోడింగ్. ఒక్కో రేసుకు ముందు ఆ గీత నిండేదాకా ఎదురుచూస్తుంటే ఆట ఆగిపోయిందేమో అని డౌట్ వస్తుంది. బొమ్మ కూడా అక్కడక్కడా తడబడుతుంది. కొన్ని నెలల తర్వాత 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్' చేసింది కూడా ఈ లీడ్స్ బృందమే. ఊరిని పీఎస్‌పీలో పట్టించడం అప్పటికే వాళ్లకు చేతికి అలవాటైన పని అన్నమాట.

ఈ రెండింట్లో నా ఓటు ఎటో చెప్పమంటే, మీకు నచ్చకపోవచ్చుగానీ, 5-1-0 వైపే. కంప్యూటర్ ముందు కూర్చుంటే గంటసేపు ఊళ్లో చక్కర్లు కొట్టడానికి ఓపిక ఉంటుంది. చేతిలో మెషీన్ పట్టుకున్నవాడికి ఉండేది పది నిమిషాల ఖాళీ. ఆ పది నిమిషాల్లో మెనూ నుంచి నేరుగా రేసులోకి దూకడం వరమే. బ్లాక్‌లిస్ట్ (ఒకరి తర్వాత ఒకరిని ఓడించాల్సిన రేసర్ల జాబితా) ఉంది, పోలీసు చేజ్‌లు ఉన్నాయి. కంప్యూటర్‌లో లేనిది కూడా ఒకటి ఉంది: 'ట్యూనర్ టేక్‌డౌన్' అనే మోడ్‌లో మీరే పోలీసై రేసర్లను వెంటాడొచ్చు. ముందు అది ఆడి చూడండి. మొదటి ఆటలో మిమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టినవాళ్ల సీట్లో కూర్చోవడం భలే తృప్తిగా ఉంటుంది.

అయినా ఊరు తిరగాల్సిందే అంటే, ఇదే నీడ్ ఫర్ స్పీడ్ వరుసలో ఆ మరుసటి ఏడాది వచ్చిన 'కార్బన్: ఓన్ ద సిటీ' తెప్పించుకోండి. అందులో తిరగడానికి ఊరుంది. కథ కూడా పెద్ద మెషీన్లలో వచ్చిన కార్బన్‌ది కాదు, వేరేది: ప్రమాదంలో అన్న పోయి, జ్ఞాపకం పోయిన కుర్రాడు నిజం వెతుక్కోవడం. పెద్ద ఆటను కుదించి ఇరికించకుండా చిన్న తెర కోసం వేరే కథ రాసుకున్నారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

ప్రశ్న: మిడ్‌నైట్ క్లబ్ లోడింగ్ భరించలేకపోతున్నాను. మెషీన్ పాడైందా? ఏదైనా మార్గం ఉందా?

జవాబు: మెషీన్ పాడవలేదు, ఓపికే పాడవుతుంది. మీది లావుగా ఉండే మొదటి మోడల్ అయితే సన్నగా ఉండే రెండో మోడల్, అంటే పీఎస్‌పీ-2000కి మారి చూడండి. అందులో మెమరీ 64 మెగాబైట్లు. ఆ అదనపు భాగాన్ని డిస్కులోది ముందే చదివి దాచుకోవడానికి వాడుకుంటుంది. అద్భుతాలేమీ జరగవు, కొంత తగ్గుతుంది. డిస్కు లేకుండా మెమరీ స్టిక్ కార్డు మీద నడిచే డౌన్‌లోడ్ కాపీ అయితే ఇంకొంచెం నయం.

ప్రశ్న: పీఎస్‌పీలో 'నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్ రైవల్స్' ఆడుతుంటే ముందు కారు వెనక లైట్లు తోకచుక్కలాగా సాగిపోతున్నాయి. రోడ్డు అంచులు చీకట్లో అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. నా కళ్లకు అద్దాలు కావాలా?

జవాబు: కళ్ల డాక్టర్‌ని కలవడం ఎప్పుడూ మంచిదే, కానీ ఇది తెర జబ్బు. పీఎస్‌పీ మొదటి రెండు మోడళ్ల ఎల్‌సీడీ నలుపు నుంచి వెలుగుకీ, వెలుగు నుంచి నలుపుకీ మెల్లగా మారుతుంది. బొమ్మ ముందుకు పోయినా పాత బొమ్మ తాలూకు మరక ఒక క్షణం మిగిలిపోతుంది. మామూలు ఆటల్లో ఎవరూ పట్టించుకోరు. వీధి రేసుల కర్మ ఏమిటంటే అన్నీ రాత్రిపూటే జరుగుతాయి: నల్లటి రోడ్డు, నియాన్ లైట్లు, ఎర్రటి బ్రేక్ లైట్లు. తెరలోని లోపం బయటపడటానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

అందుకే పాత మోడల్ చేతిలో ఉన్నవాళ్లకు పగటిపూట జరిగే ఆటలు ఆడమంటాను. 5-1-0 పగటి ఆట. 2004లో పీఎస్‌పీతో పాటే జపాన్‌లో విడుదలైన 'రిడ్జ్ రేసర్స్'లో కూడా ఎండ బాగానే కాస్తుంది. రాత్రి రేసులే కావాలంటే పీఎస్‌పీ-3000 తెర వేగంగా మారుతుంది, మరకలు తక్కువ. కాకపోతే కదిలే బొమ్మ మీద సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయని దానిమీద ఇంకో ఫిర్యాదు.

అన్నింటికన్నా బాగుండేది పీఎస్‌పీ తర్వాత సోనీ తెచ్చిన పీఎస్ వీటా మొదటి మోడల్. దాని ఓఎల్‌ఈడీ తెరలో నలుపు నిజంగా నలుపే. పీఎస్‌పీ తెర 480 × 272 చుక్కలు, వీటాది 960 × 544. అడ్డంగా, నిలువుగా కచ్చితంగా రెట్టింపు. పాత ఆటలోని ఒక్కో చుక్క సరిగ్గా నాలుగు చుక్కలై కూర్చుంటుంది, బొమ్మ అలుక్కుపోదు. కానీ వీటాలో యూఎండీ పెట్టే చోటు లేదు. డౌన్‌లోడ్‌గా అమ్మిన ఆటలే పనిచేస్తాయి. కొనేముందు ఇది గుర్తుంచుకోండి, తర్వాత నాకు కోపంగా ఉత్తరం రాయకండి.

ప్రశ్న: అంకుల్, నాన్న పెట్టెలో గేమ్ బాయ్ అడ్వాన్స్ దొరికింది. అందులో 'నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్' ఉంది. కారు అట్టపెట్టెలా ఉంది. మలుపుల్లో గోడకి కొట్టుకుంటూనే ఉన్నాను. నాన్న మాత్రం ఇది గొప్ప ఆట అంటున్నారు. నిజమేనా?

జవాబు: నాన్న చెప్పింది నిజమే బాబూ. ఎందుకో విను. నువ్వు ఫోన్‌లో ఆడే రేసుల్లో కారును, రోడ్డును మూడు కొలతల్లో గీయడానికి ఒక ప్రత్యేక చిప్ ఉంటుంది. నీ చేతిలో ఉన్న ఆ మెషీన్‌లో అలాంటి చిప్ లేనే లేదు. అది పక్క నుంచి కనిపించే బొమ్మల ఆటల కోసం చేసిన మెషీన్. దాని ప్రాసెసర్ వేగం 16.8 మెగాహెర్ట్జ్. అంత చిన్న ప్రాసెసర్ చేత ప్రతి గీతనీ లెక్కగట్టించి, 240 × 160 చుక్కల తెర మీద ఒక ఊరి వీధినీ, దాంట్లో పరుగెత్తే కార్లనూ గీయించారు. అట్టపెట్టెలా ఉందన్నావు కదా, ఆ మెషీన్‌లో అట్టపెట్టెను కదిలించడమే గొప్ప.

ఇక గోడల సంగతి. దానికి స్టీరింగ్‌లా కొంచెం కొంచెం తిప్పే స్టిక్ లేదు. ప్లస్ గుర్తు బటన్ ఒక్కటే. నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే తిన్నగా అయిపోతుంది. నువ్వు బటన్‌ని నొక్కి పట్టుకుంటున్నావని నా అనుమానం. అలా పట్టుకోకు. టక్ టక్ టక్‌మని కొట్టి వదులు. పెద్ద మలుపైతే వేగంగా కొట్టు, చిన్నదైతే ఒకటి రెండు సార్లు చాలు. మలుపు రాకముందే మొదలుపెట్టు. ఇంకో మాట: ఆ మొదటి మోడల్ తెరకి సొంత లైటు ఉండదు, కిటికీ పక్కన కూర్చుని ఆడు. 2003లో వచ్చిన ఎస్‌పీ మోడల్‌కే మొదటిసారి లైటు పెట్టారు. ఆట గెలిచాక నాన్నకి ఒకసారి ఇవ్వు. ఆయన గోడకి ఎన్నిసార్లు కొడతారో చూడు.

ప్రశ్న: గంటసేపు పీఎస్‌పీలో రేసులాడితే ఎడమ బొటనవేలు లాగేస్తోంది. చిన్నప్పుడు పీఎస్2లో పొద్దంతా ఆడినా ఏమీ అయ్యేది కాదు. వయసా, మెషీనా?

జవాబు: రెండూ! వయసు గురించి మనం మాట్లాడుకోవద్దు, మెషీన్ గురించి చెబుతాను. పీఎస్‌పీలో అనలాగ్ స్టిక్ అని పిలిచేది నిజానికి స్టిక్ కాదు, పక్కలకి జారే చిన్న బిళ్ళ. అది కదిలే దూరమే తక్కువ, అందులో నడిమి భాగంలో కొంత కదలికని మెషీన్ లెక్కలోకే తీసుకోదు. మిగిలిన ఆ కాస్త దూరంలో మలుపు మొత్తం తిప్పాలి. పైగా దాన్ని ప్లస్ బటన్‌కి కింద పెట్టారు. వేలు మడిచి, అరచేయి మెలిపెట్టి పట్టుకోవాల్సి వస్తుంది. నేను నీడ్ ఫర్ స్పీడ్ ఆటలకు ప్లస్ బటనే వాడతాను. మిడ్‌నైట్ క్లబ్‌లో బైకులు నడిపేటప్పుడు మాత్రం బిళ్ళ తప్పదు.

యాక్సిలరేటర్ సంగతి ఎవరూ రాయరుగానీ అసలు తేడా అక్కడే. పీఎస్2 చేతిపెట్టె మీద బటన్లు ఎంత గట్టిగా నొక్కితే అంత అని గ్రహించేవి. పీఎస్‌పీ బటన్లకి ఆ తెలివి లేదు. నొక్కామా లేదా, అంతే. అందుకే పీఎస్2 అలవాటున్నవాళ్లు మలుపులో సగం గ్యాస్ ఇద్దామని మెల్లగా నొక్కుతారు, కారేమో పూర్తి వేగంతో పోయి గోడకి అతుక్కుంటుంది. ఇక్కడ పూర్తిగా వదిలి మళ్లీ నొక్కడమే పద్ధతి. 'రిడ్జ్ రేసర్స్' డ్రిఫ్ట్ ఈ పద్ధతి మీదే కట్టారు: మలుపు ముందు యాక్సిలరేటర్ వదలాలి, తిప్పాలి, మళ్లీ నొక్కాలి. కారు పక్కకి జారుకుంటూ పోతుంది, ఆ జారుడుతోనే కారుకి అదనపు వేగమిచ్చే నైట్రస్ నిండుతుంది. బటన్ల పరిమితి తెలిసి, దానికి తగ్గట్టు చేసిన ఆట అది. వేలు తక్కువ నొప్పి పెట్టేదీ అదే.

వేలికి పూర్తి విశ్రాంతి కావాలంటే 'అండర్‌గ్రౌండ్ రైవల్స్'లో డ్రాగ్ రేసులు, అంటే తిన్నటి రోడ్డు మీది చిన్న పరుగులు, ఆడండి. అక్కడ కుడిచేతి పనే ఎక్కువ: ఇంజిన్ ముల్లు చూసి సరైన క్షణంలో గేరు మార్చడం. రేసు కూడా చిటికెలో అయిపోతుంది.

ప్రశ్న: ఫోన్‌లో పీపీఎస్‌ఎస్‌పీపీ వేసుకుంటే సరిపోతుంది కదా, పాత మెషీన్లు కొనడం దేనికి? అది చట్టవిరుద్ధమా?

జవాబు: పీఎస్‌పీని అనుకరించే ఆ ప్రోగ్రామ్ 2012 నుంచి ఉంది. హెన్రిక్ రిడ్‌గార్డ్ మొదలుపెట్టాడు. 2024లో ఆపిల్ కూడా తన యాప్ స్టోర్‌లోకి రానిచ్చింది. ప్రోగ్రామ్‌తో ఇబ్బంది లేదు. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన ఆట ఫైలు దించుకోవడంతోనే ఇబ్బంది. నేను మాత్రం నా సొంత డిస్కుల నుంచి తీసుకున్న కాపీలే ఆడతాను, మీకూ అదే చెబుతాను.

బాగున్నవి చెప్పుకుందాం. బొమ్మను అడ్డంగా, నిలువుగా నాలుగింతలు చేయమంటే 1920 × 1088 అవుతుంది. కార్ల అంచులు చాకుతో కోసినట్టు వస్తాయి. లోడింగ్ బాధ చాలావరకు పోతుంది, మిడ్‌నైట్ క్లబ్ అభిమానులు వినండి. పీఎస్‌పీ మెమరీ స్టిక్ మీద సేవ్‌డేటా ఫోల్డర్ ఉంటుంది, దాన్ని కాపీ చేసి ఫోన్‌లోని అదే పేరు ఫోల్డర్‌లో పెడితే మీ పాత గరాజ్, పాత కార్లు యథాతథంగా వచ్చేస్తాయి. ఇది చేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బాగోనివి: స్పీడోమీటర్ అంకెలు, మెనూ అక్షరాలు చిన్న తెర కోసం గీసిన బొమ్మలు కాబట్టి పెద్దవి చేస్తే మసకగా ఉంటాయి. దూరంగా కనిపించే భవనాలు ఎంత బోలుగా ఉన్నాయో ఇప్పుడు స్పష్టంగా తెలిసిపోతుంది. 4.3 అంగుళాల తెర మీద అవి నిజం బిల్డింగుల్లానే అనిపించేవి. ఇక గాజు మీద వేలితో స్టీరింగ్ తిప్పడం నాకు పరమ చిరాకు. బటన్లున్న కంట్రోలర్ తగిలించండి, లేదా ఆ ప్రయత్నం మానుకోండి.

పాత మెషీనే వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. ఏళ్ల తరబడి పడి ఉన్నవి ఉబ్బుతాయి. మూత సరిగ్గా పట్టకపోతే అదే గుర్తు. దాన్ని పొడవకండి, నొక్కకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇచ్చేయండి.

ప్రశ్న: జపాన్ ఆటలు మన మెషీన్లలో పనిచేస్తాయా? భాష రాకుండా ఆడగలమా?

జవాబు: పీఎస్‌పీ ఆట డిస్కులకు ప్రాంతాల తాళం లేదు, నిక్షేపంగా పనిచేస్తాయి. 2006లో జపాన్‌లో మాత్రమే వచ్చిన సెగా వారి 'ఇనిషియల్ డీ స్ట్రీట్ స్టేజ్' కోసమైనా ఈ సంగతి తెలుసుకోవాలి. ఊరి వీధులు కాదు, రాత్రిపూట కొండదారులు. ట్రాఫిక్ లేదు, పోలీసులు లేరు. మీరు, ఒక ప్రత్యర్థి, మలుపులు. మెనూలు జపనీస్‌లోనే ఉంటాయి, ఎంచుకోవడం అలవాటు చేసుకోవచ్చు. మాటల సీన్లు మాత్రం బొమ్మలు చూసి ఊహించుకోవాల్సిందే.

ఇంగ్లిష్‌లో కావాలంటే గెంకీ సంస్థ చేసిన 'స్ట్రీట్ సుప్రిమసీ' ఉంది. టోక్యో ఎక్స్‌ప్రెస్‌వే మీద రేసులు. ఈ సంస్థ రేసుల్లో గెలుపు గీత ఉండదు. ఇద్దరికీ చెరో మీటర్ ఉంటుంది. వెనకబడ్డవాడి మీటర్ తరుగుతూ పోతుంది, గోడకి తగిలినా తరుగుతుంది. ఎవరిది ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు. చిన్న మెషీన్‌కి అతికినట్టు సరిపోయే ఆలోచన, రేసు ఒక నిమిషంలో తేలిపోవచ్చు. లోడింగ్ మాత్రం ఇక్కడా దారుణం.

ప్రశ్న: ఇద్దరం స్నేహితులం, రెండు పీఎస్‌పీలున్నాయి. ఆన్‌లైన్ సర్వర్లు మూసేశారట. కలిసి ఆడే దారి లేదా?

జవాబు: ఉంది. మెనూలో 'అడ్ హాక్' ఎంచుకోండి. దానికి సర్వర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, రెండు మెషీన్లు నేరుగా ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. వైర్‌లెస్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న: ఈ ఆటల్ని కొత్త మెషీన్లకు మళ్లీ విడుదల చేస్తారా? నా 'అండర్‌గ్రౌండ్ రైవల్స్' డిస్కు ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయింది, అప్పటిదాకా ఆగాలా?

జవాబు: ఆగకండి. వీటిలో ప్రతి కారూ ఒక నిజమైన కంపెనీది, ప్రతి పాటా ఎవరో ఒకరిది. ఆ అనుమతులన్నీ కొంతకాలానికే తీసుకున్నవి. మళ్లీ అమ్మాలంటే అందరి దగ్గరా మళ్లీ సంతకాలు పెట్టించాలి. పెద్ద మెషీన్లలో వచ్చినవే నిలబడటం లేదు: నీడ్ ఫర్ స్పీడ్ వరుసలోని కార్బన్, అండర్‌కవర్, షిఫ్ట్, ద రన్ ఆటల్ని 2021లో డిజిటల్ షాపుల నుంచి తీసేశారు. ఇక చేతిలో పట్టే ఆటల కోసం ఎవరు తిరుగుతారు?

మీ డిస్కు బతికే ఉంది. యూఎండీ ముందువైపు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పలక ఊడిపోవడం మామూలే. లోపలి డిస్కు మెరిసే వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకోండి. మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి. తొడుగు అంచు చుట్టూ అక్కడక్కడా సూదిమొనంత జిగురు పెట్టి, పలక అతికించి, పూర్తిగా ఆరేదాకా పక్కన పెట్టండి. ఎక్కువ పెడితే లోపలికి కారి డిస్కు తిరగకుండా పట్టేస్తుంది. ఆరాక మెషీన్‌లో పెట్టేముందు ఒకసారి చెవి దగ్గర ఆడించండి. డిస్కు లోపల వదులుగా కదులుతున్న చప్పుడు వస్తే సరిగ్గా అతికినట్టే.